బంతి వదిలి గోదాలోకి: ఆటగాడికి బతుకుతెరువు ఎక్కడ?

కృష్ణదేవిపేట: అమెరికా కుస్తీ వీరుడు జాన్ సీనా 2025 డిసెంబరు 13న వాషింగ్టన్ నగరంలో తన చివరి పోటీ ఆడి గోదా దిగిపోయాడు. గుంతర్ అనే ఆస్ట్రియా యోధుని పట్టులో చిక్కి, ఇక నావల్ల కాదని చేత్తో తట్టి ఓటమి ఒప్పుకున్నాడు. పదిహేడుసార్లు ప్రపంచ విజేత అనిపించుకున్న మనిషి అలా వెళ్లిపోవటం మన పల్లెల్లోని కుర్రకారుకు కూడా మింగుడుపడలేదు. ఈ కుస్తీలు 2025 ఏప్రిల్ నుంచి మన దేశంలో నెట్‌ఫ్లిక్స్‌లో వస్తున్నాయి. కనుక టీవీ ముందు కూర్చోనక్కరలేదు, అరచేతిలోనే చూడవచ్చు. కృష్ణదేవిపేటలోనైనా నర్సీపట్నంలోనైనా సెల్‌ఫోన్ పట్టుకున్న కుర్రాణ్ని అడిగితే సీనా పేరు తడుముకోకుండా చెబుతాడు. ఆ సీనా మొదట ఏ ఆట ఆడేవాడని అడిగితే మాత్రం తడుముకుంటాడు.

సీనా మొదట ఫుట్‌బాల్ ఆటగాడు. మసాచుసెట్స్ రాష్ట్రంలోని స్ప్రింగ్‌ఫీల్డ్ కాలేజీ జట్టుకు నాయకుడు. వీపు మీద 54 అంకె ఉన్న చొక్కాతో ఆడాడు. 1998లో వ్యాయామ శాస్త్రంలో పట్టా పుచ్చుకొని బయటకు వచ్చాడు. ఫుట్‌బాల్ అతనికి అన్నం పెట్టలేదు. కాలిఫోర్నియా వెళ్లి వ్యాయామశాలలో పనిచేశాడు, అద్దెకు తిరిగే పెద్ద కారు నడిపాడు. ఆ తర్వాతే కుస్తీ నేర్చుకున్నాడు. 2002 నాటికి పెద్ద గోదా ఎక్కాడు.

ఇది ఒక్క సీనా కథ అయితే ఇంతగా చెప్పుకోనక్కరలేదు. అక్కడి కుస్తీ గోదాలో పేరు మోసిన వారిలో పలువురు ఫుట్‌బాల్ మైదానం నుంచి వచ్చినవారే. వారు బంతిని ఎందుకు వదిలారు, వదిలి ఏం బావుకున్నారు అన్నది మన ప్రాంతంలో ఆటను నమ్ముకున్న కుర్రాళ్లకూ వారి తల్లిదండ్రులకూ పనికివచ్చే సంగతి.

పేరు ఒకటే, ఆట వేరు

ముందుగా ఒక చిక్కు విప్పాలి. అమెరికాలో ఫుట్‌బాల్ అంటే మనం కాలితో తన్నే బంతి ఆట కాదు. అక్కడి బంతి కోలగా ఉంటుంది. దాన్ని చంకన పెట్టుకొని పరుగెత్తుతారు, చేత్తో విసురుతారు. అడ్డు వచ్చినవాణ్ని భుజంతో గుద్ది పడగొడతారు. అందుకే తలకు శిరస్త్రాణం, భుజాలకు మెత్తలు కట్టుకొని దిగుతారు. పేరుకు ఫుట్‌బాలే గాని తీరు చూస్తే మన చెడుగుడుకు దగ్గర చుట్టం. ముందు వరుసలో నిలిచేవారు ఒక్కొక్కరు 130, 140 కిలోల బరువు ఉంటారు. సీనా ఆడిన స్థానం ఆ వరుస మధ్యలోదే.

ఈ ఆట ఆడే కుర్రాళ్లు కాలేజీల్లో వేలకు వేలు. డబ్బిచ్చి ఆడించే పెద్ద జట్లు 32 మాత్రమే. జట్టుకు 53 మంది చొప్పున మొత్తం కలిపినా పదిహేడు వందల స్థానాలు. పక్కనున్న కెనడాలో మరో తొమ్మిది జట్లు ఉన్నా అక్కడ జీతం తక్కువ. తక్కిన వేలమంది ఇరవై రెండు, ఇరవై మూడేళ్లకే ఆటకు దూరమవుతున్నారు. చిన్ననాటి నుంచి పెంచుకున్న ఆ శరీరాన్ని ఏం చేయాలి? దాన్ని అమ్ముకోగలిగిన మరో సంత కుస్తీ గోదా.

జీతం చాలక కుస్తీ

ఈ వలస ఇప్పటిది కాదు. షికాగో బేర్స్ జట్టులో 1930లో చేరిన బ్రాంకో నగుర్‌స్కీ ఆ రోజుల్లో అమెరికా మొత్తం చెప్పుకున్న ఆటగాడు. చేరినప్పుడు అతని జీతం ఏడాదికి 5,000 డాలర్లు. అది ఆర్థిక మాంద్యం కాలం. ఆట మెరుగవుతున్నా జీతం మాత్రం ఏటేటా తగ్గుతూ 1932 నాటికి 3,700కు దిగింది. సంసారం ఉన్నవాడు, ఏం చేస్తాడు? 1933లో కుస్తీ మొదలుపెట్టాడు. 1937లో మూడు వారాల వ్యవధిలో అయిదు ఫుట్‌బాల్ పోటీలు ఆడుతూనే ఎనిమిది ఊళ్లలో కుస్తీ పట్టాడు. రైళ్లలో తిరుగుతూ, దెబ్బలకు కట్లు కట్టుకుంటూ దేశం ఈ చివర నుంచి ఆ చివరకు పోయాడు. ఆ ఏడే కుస్తీలో ప్రపంచ విజేత అయ్యాడు. ఆరు వేలు ఇస్తే ఆడతానని జట్టు యజమానిని అడిగితే అయిదు వేలే అన్నారు. నగుర్‌స్కీ బంతిని అక్కడే వదిలేశాడు.

తేడా వెయ్యి డాలర్లు. ఒక మహా ఆటగాడు మైదానం వదిలిపోవటానికి కారణం అంతే.

తర్వాత ఆరున్నర అడుగులకు మించిన ఆజానుబాహువు ఎర్నీ లాడ్ వచ్చాడు. 1961 నుంచి శాన్ డియాగో జట్టుకు ఆడుతూ, ఆట లేని నెలల్లో కుస్తీ పట్టేవాడు. మోకాలు దెబ్బతిన్నాక కుస్తీలోనే ఉండిపోయాడు. గోదాలోనే ఎక్కువ సంపాదించాడు కూడా.

ఇప్పుడు సినిమాల్లో కోట్లు గడిస్తున్న డ్వేన్ జాన్సన్, అదే ‘రాక్’, సంగతి చూడండి. 1991లో మయామీ విశ్వవిద్యాలయ జట్టు జాతీయ విజేత అయినప్పుడు అందులో సభ్యుడు. పెద్ద జట్లేవీ పిలవలేదు. 1995లో కెనడాలోని కాల్గరీ జట్టు తీసుకున్నట్టే తీసుకొని రెండు నెలలకే పంపేసింది. తిరిగి వచ్చేసరికి జేబులో ఏడు డాలర్లే ఉన్నాయని ఆయనే చెప్పుకున్నాడు. తన సినిమా సంస్థకు ‘ఏడు డాలర్లు’ అనే అర్థం వచ్చే పేరే పెట్టుకున్నాడు. తండ్రి, తాత ఇద్దరూ కుస్తీవారు కావటంతో 1996లో తానూ ఆ దారి పట్టాడు.

రోమన్ రెయిన్స్‌గా పేరు మోసిన జో అనోవాయ్‌ది మరీ కష్టం. జార్జియా టెక్ జట్టులో బాగా ఆడినా 2007లో పెద్ద జట్లు ఎంపిక చేసుకోలేదు. విడిగా మిన్నెసోటా జట్టులో చేరబోతే వైద్య పరీక్షలో రక్తకాన్సరు బయటపడింది. వయసు 22. జబ్బు తగ్గాక 2008లో కెనడాలో కొద్ది ఆటలు ఆడి మానుకున్నాడు. 2010లో కుస్తీలో చేరాడు. 2018లో ఆ జబ్బే తిరగబెడితే గోదా మీద నిలబడి జనానికి చెప్పి సెలవు తీసుకున్నాడు. 2019లో మళ్లీ వచ్చాడు.

కింద పడే విద్య

ఈ కుస్తీల్లో గెలుపోటములు ముందే నిర్ణయిస్తారు. ఇందులో దాపరికం లేదు. క్రీడలపై ప్రభుత్వ అజమాయిషీ నుంచి తప్పించుకోవటానికి, తమది పోటీ కాదు వినోదమని 1989లో ఆ సంస్థే న్యూజెర్సీ శాసనసభ్యుల ముందు ఒప్పుకున్నది. అంతా బూటకమని కొట్టిపారేసే పెద్దలు మన ఊళ్లలో ఉన్నారు. ఆ పెద్దలే ఒకప్పుడు నాటకంలో భీముడు దుర్యోధనుని తొడ నిజంగా విరగ్గొట్టడని తెలిసి కూడా తెల్లవార్లూ చాపలు పరచుకు కూర్చుని చూశారు. ఫలితం ముందే తెలిసినా పడే దెబ్బ మాత్రం దెబ్బే. గోదా అంటే ఇనుప దూలాల మీద చెక్కలు, వాటిపై పలుచని మెత్త, దానిపై గుడ్డ. మనిషి ఎత్తు నుంచి దాని మీద పడాలి. గడ్డం ఛాతీకి ఆనించి, ఊపిరి వదిలి, వీపంతా ఒకేసారి నేలకు తాకేలా పడితే దెబ్బ పంచుకుపోతుంది. మోచెయ్యి ముందు ఆనిందా, విరుగుతుంది. నెలల తరబడి నేర్పేది ముందుగా ఇదే.

ఫుట్‌బాల్ వాడికి ఇందులో సగం ముందే వచ్చు. ఢీకొనటం, దెబ్బకు ఓర్చుకోవటం, వేల జనం ముందు బెదరకపోవటం, శిక్షకుడు గీసిన పథకం ప్రకారం అడుగులు వేయటం అతనికి అలవాటే. అందుకే సంస్థ 2013లో ఫ్లోరిడాలోని ఒర్లాండోలో శిక్షణ కేంద్రం తెరిచి కాలేజీ ఆటగాళ్లను వెతికి తెచ్చుకుంటున్నది. 2021 నుంచి చదువుకుంటున్న వారితోనే ముందుగా ఒప్పందాలు రాయించుకుంటున్నది. మన చెరకు ఫ్యాక్టరీలు పంట కోతకు రాకముందే రైతుతో అగ్రిమెంటు రాయించుకున్నట్టు.

అయితే ఒక తేడా ఉంది. మైదానంలో ఎదుటివాణ్ని నిజంగా పడగొట్టాలి. గోదాలో ఎదుటివాడి మెడ, నడుము కాపాడుతూ పడగొట్టినట్టు చూపాలి. అక్కడి శత్రువు ఇక్కడ భాగస్వామి. ఈ తేడా ఒంటబట్టకపోతే ఏమవుతుందో బిల్ గోల్డ్‌బర్గ్ ఉదంతం చెబుతుంది. అట్లాంటా జట్టుకు ఆడుతూ పొట్ట కండరం తెగి ఫుట్‌బాల్ మానుకున్న గోల్డ్‌బర్గ్‌ను 1997లో ప్రత్యర్థి కుస్తీ సంస్థ గోదా ఎక్కించింది. వరుసగా గెలిపించింది. ఆ విజయాల లెక్కను ఉన్నదానికంటే పెంచి చెప్పేవారన్న మాట కూడా ఉన్నది. 1999 డిసెంబరులో అతను తన్నిన ఒక తన్ను బ్రెట్ హార్ట్ అనే మేటి యోధుని తలకు తగిలింది. నలభై రెండేళ్ల హార్ట్ వృత్తి ఆ దెబ్బతోనే ముగింపుకు వచ్చింది. ఇరవయ్యేళ్లకు పైబడిన అనుభవమున్న వాడి పొట్ట అనుభవం చాలనివాడి కాలు కొట్టింది.

గోదాలో తగిలిన గాయానికి సంస్థ వైద్యం చేయిస్తుంది. కాని ఆడేవాడు ఉద్యోగి కాడు, కాంట్రాక్టు మనిషి. పింఛను లేదు. ఫుట్‌బాల్ పెద్ద జట్లలో మూడేళ్లు ఆడినవాడికి పింఛను హక్కు వస్తుంది. అంటే పింఛను ఉన్న ఆట నుంచి పింఛను లేని ఆటకు వలస పోతున్నారన్నమాట. మొదటిదానిలో మూడేళ్లు నిలవగలిగేవారు కొద్దిమందే కనుక ఈ లెక్క ఎవరికీ పట్టదు.

మన ఫుట్‌బాల్ నుంచీ ఒకడు

కాలితో ఆడే ఫుట్‌బాల్ నుంచి గోదా ఎక్కినవారు అరుదు. జర్మనీ జాతీయ జట్టుకు ఆరు పోటీలు ఆడిన గోల్‌కీపర్ టిమ్ వీజే అందులో ఒకడు. బ్రేమెన్ జట్టులో పేరు తెచ్చుకొని 2012లో హాఫెన్‌హైమ్‌కు మారాడు. అక్కడ ఆట తప్పింది. 2014లో ఒప్పందం రద్దయింది. ఆ తర్వాత కండలు పెంచి, 2016 నవంబరు 3న మ్యూనిక్‌లో ముగ్గురేసి జట్ల కుస్తీలో దిగి గెలిచాడు. ఆ పెద్ద సంస్థ గోదాలో అతని కథ ఆ ఒక్క పోటీతోనే సరి. కాలిబంతి ఆటగాడికి కావలసింది సన్నని, చురుకైన శరీరం. అది గోదాకు పనికిరాదు. వీజే కూడా ముందు తన శరీరాన్నే మార్చుకోవలసి వచ్చింది.

వీరఘట్టం భీముడు

ఆట నుంచి ప్రదర్శనకు వెళ్లటం మన ఉత్తరాంధ్రకు కొత్త కాదు. వీరఘట్టంలో పుట్టిన కోడి రామ్మూర్తి నాయుడు మద్రాసు సైదాపేటలో వ్యాయామ శిక్షణ పొంది విజయనగరంలో వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేశారు. తాలింఖానాలో సాము చేసిన ఒడలు, కుస్తీలో ఎదురులేదు. నెల జీతానికి కట్టుబడి ఉంటే ఉపాధ్యాయుడుగానే రిటైరయ్యేవారు. ఆయన సర్కస్ పెట్టారు. ఛాతీ మీద ఏనుగును నిలబెట్టుకోవటం, గొలుసులు పట్టి మోటారు కార్లను కదలకుండా ఆపటం చూసి జనం టిక్కెట్లు కొన్నారు. కలియుగ భీముడన్నారు. గడించినదానిలో ఎక్కువ భాగం దానధర్మాలకు పోయింది. కాలికి తగిలిన దెబ్బ ముదిరి చివరకు కాలు తీసేయవలసి వచ్చింది. 1942లో ఒడిశాలోని బలంగీర్‌లో కన్నుమూశారు. శ్రీకాకుళంలో స్టేడియానికి ఆయన పేరు ఉంది, విశాఖ సముద్రతీరాన విగ్రహం ఉంది. ఆయన చేసింది పచ్చి బలప్రదర్శన, ముందే రాసుకున్న కథ లేదు. అంతమాత్రం చేత కాలు మిగలలేదు.

ఒకే ఆవరణలో రెండు దృశ్యాలు

తెలుగునాట ఫుట్‌బాల్ వెలిగిన రోజుల్లో ఆటగాళ్లు గోదా వైపు చూడలేదు. కారణం ఉంది. ఉపాధ్యాయుడిగా పనిచేసిన సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా అయిదేళ్లు రోవర్స్ కప్పు గెలిచింది. ఆయన శిక్షణలోనే భారత జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం పొందింది. ఆ హైదరాబాద్ జట్టులోని వారు పోలీసు ఉద్యోగులు. మోకాలు విరిగినా నెల జీతం వచ్చేది, వయసు మళ్లాక పింఛను వచ్చేది. బంతి పోయినా బట్టకూ బువ్వకూ లోటు లేదు.

ఇప్పుడు ఆట ప్రైవేటు జట్ల చేతికి వచ్చింది. 2019లో పుట్టిన హైదరాబాద్ ఎఫ్.సి. 2022 మార్చి 20న గోవాలో ఇండియన్ సూపర్ లీగ్ గెలిచింది. ఏడాది తిరిగేసరికి జీతాల బకాయిల గొడవ. 2023లో బకాయిలు తీర్చనందుకు అంతర్జాతీయ ఫుట్‌బాల్ సమాఖ్య ఆ జట్టు కొత్త ఆటగాళ్లను తీసుకోకుండా నిషేధం పెట్టింది. 2025లో జట్టు మకాం ఢిల్లీకి మారింది, పేరూ మారింది. అదే ఏడు జూలైలో, సమాఖ్యకూ నిర్వాహక సంస్థకూ మధ్య ఒప్పందం డిసెంబరుతో ముగియనున్నందున, కొత్త సీజన్‌నే ఆపేశారు. దేశమంతటా ఆటగాళ్లు నెలల తరబడి చేతులు ముడుచుకు కూర్చున్నారు.

ఆ జట్టు సొంత మైదానం హైదరాబాద్ గచ్చిబౌలిలోని బాలయోగి స్టేడియం. ఆ ఆవరణలోనే ఉన్న ఇండోర్ స్టేడియంలో 2023 సెప్టెంబరు 8న అమెరికా కుస్తీ జరిగింది. అంటే బయట మైదానంలో ఆడేవారు జీతాల కోసం ఎదురుచూస్తున్న ఏడే, లోపల హాలులో ఒకనాటి ఫుట్‌బాల్ ఆటగాడు జాన్ సీనాను చూడటానికి జనం కిటకిటలాడారు.

ఆ రాత్రి గోదా ఎక్కిన మనవాళ్లలో వీర్ మహాన్ అనే రింకూ సింగ్ ఒకడు. ఉత్తరప్రదేశ్ పల్లెవాడు, ఈటె విసిరేవాడు. 2008లో బేస్‌బాల్ బంతి విసిరే పోటీలో నెగ్గి లక్ష డాలర్లు పొంది, అమెరికాలో పిట్స్‌బర్గ్ సంస్థలో చేరాడు. ఏళ్ల తరబడి చిన్న జట్లలోనే మిగిలిపోయి, 2018లో కుస్తీ ఒప్పందం రాశాడు. మూడు ఆటలు మారాడు. హైదరాబాద్ పోటీ జరిగిన ఏడు నెలలకు, 2024 ఏప్రిల్‌లో, అతన్నీ జోడీదారు సాంగానూ, భారత సంతతికి చెందిన మాజీ ప్రపంచ విజేత జిందర్ మహల్‌నూ సంస్థ ఒకేసారి తొలగించింది. చప్పట్లు కొట్టిన హైదరాబాద్ జనంలో ఎంతమందికి ఈ కబురు చేరిందో చెప్పటం కష్టం.

కొండ దిగువ కుర్రాళ్లు

మన్యం అంచున ఉన్న కృష్ణదేవిపేట చుట్టుపట్ల ఊళ్లలో ఆటంటే చెడుగుడు, వాలీబాల్. చెడుగుడుకు 2014లో ప్రో కబడ్డీ వచ్చాక విలువ పెరిగింది. 2025 ఆగస్టు 29న ఆ పోటీలు విశాఖలోనే, తెలుగు టైటాన్స్ ఆటతో మొదలయ్యాయి. కూతకు డబ్బు వస్తుందని తెలిసింది. అయితే అక్కడా జట్లు పన్నెండే. సీనా లాంటి ఒడలు మన కుర్రాళ్లకు లేదు, ఒర్లాండో నుంచి వచ్చి వెతికేవారూ లేరు. జిమ్ములో పొడులు కొని తాగి కండలు పెంచితే గోదా పిలుస్తుందనుకునే వారికి పై వరసలో ఉన్న ఏ పేరైనా చాలు, ఆలోచించుకోవటానికి.

ఇక్కడ ఆట కలిపే చోటు ఇప్పటికీ హైదరాబాద్ పాత జట్టు నిలిచిన చోటే: సర్కారు కొలువు. రాష్ట్ర ప్రభుత్వం 2024లో ప్రకటించిన క్రీడా విధానంలో ఉద్యోగాలలో ఆటగాళ్ల వాటాను 2 నుంచి 3 శాతానికి పెంచింది. గుర్తింపు ఉన్న పోటీలో ఆడిన ధ్రువపత్రం ఉన్నవారికే ఆ వాటా. సంక్రాంతికి ఊళ్లో గెలిచిన కప్పు ఎంత మెరిసినా ఆ లెక్కలోకి రాదు. ఊళ్లో ఆడే జట్టును మండల, జిల్లా పోటీలకు పంపే నాథుడు లేకపోతే మూడు శాతమైనా ముప్పై శాతమైనా ఒకటే. బడిలో వ్యాయామ ఉపాధ్యాయుడు ఉన్నాడా లేడా అన్నదాని మీద కుర్రాడి జాతకం ఆధారపడి ఉందంటే అతిశయోక్తి కాదు.

ధ్రువపత్రం లేనివారికి కానిస్టేబుల్ పరీక్షే దిక్కు. 1922 ఆగస్టు 23న అల్లూరి సీతారామరాజు దళం తుపాకుల కోసం దాడి చేసిన పోలీసు స్టేషన్ ఈ ఊరిదే. ఆయన సమాధీ ఈ ఊళ్లోనే ఉన్నది. ఆ ఊరి కుర్రాడికి ఇవాళ కాకీ చొక్కాయే కల. 2022 నవంబరులో 6,100 కానిస్టేబుల్ పోస్టులకు ప్రకటన వస్తే మొదటి పరీక్ష నాలుగున్నర లక్షల మంది రాశారు. దేహదారుఢ్య పరీక్షలకు 2024 డిసెంబరు దాకా ఆగవలసి వచ్చింది. తుది ఫలితాలు 2025 ఆగస్టులో వెలువడ్డాయి. పరుగు ఆపితే ఒళ్లు బిగుసుకుపోతుందని ఆ రెండేళ్లూ పొద్దున్నే రోడ్లమీద పరుగెత్తినవారు ఎందరో.

ఆ పరీక్షలో కావలసిన ఎత్తు 167.6 సెంటీమీటర్లు, ఈ మూడు పాత జిల్లాల ఏజెన్సీ గిరిజనులకు 160. పరుగు 1,600 మీటర్లు ఎనిమిది నిమిషాల్లో తప్పనిసరి. వంద మీటర్లు పదిహేను సెకన్లలో, లాంగ్‌జంప్ 3.80 మీటర్లు, ఈ రెంటిలో ఒకటి దాటాలి.